చేదన్నాడు, పెట్టొద్దన్నాడు

మా మానసిక వైద్యశాలలో ఒక పద్ధతి ఉంది. వంట కాగానే డ్యూటీ నర్సు రుచి చూసి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే రోగులకు వడ్డన. నేనైతే ఏళ్ల తరబడి రుచి చూడకుండానే ‘బాగుంది’ అని రాసేశాను. పని ఒత్తిడి అని చెప్పుకోవచ్చు గానీ, అసలు సంగతి బద్ధకం.

ఆ వేసవిలో మగవార్డుకి పొదిలి వైపు నుంచి ఒక వంటమేస్త్రి వచ్చాడు. ఊళ్లకి ఊళ్లే భోజనానికొచ్చే పెళ్లిళ్లలో వండిన మనిషి. దిగులు జబ్బు పట్టుకుని నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు, మాట లేదు. ఆ పూటా తినకపోతే ముక్కులో గొట్టం వేసి పాలు పోయక తప్పదన్నారు డాక్టర్లు. ఆయన్ని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు గారు ఆ పుస్తకం తీసుకెళ్లి మేస్త్రి ఒళ్లో పెట్టారు. “ఇవాళ రుచి మీరు చూడండి. మీరు పెట్టమంటేనే పెడతాం,” అన్నారు. ఈవిడకి కూడా వార్డులో ఒక మంచం వేయించాలి కాబోలు అనుకున్నాను.

ఆ పూట వండిన దోసకాయ పప్పు గిన్నె ముందు పెట్టించారు. మేస్త్రి ఎప్పటికో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకాడు. మొహం చిట్లించాడు.

“ఎవడ్రా కాయ కోసింది? ముక్క కొరికి చూడక్కర్లా? చేదు విషం!”

పుస్తకంలో ‘చేదు. పెట్టొద్దు’ అని రాసి సంతకం చేశాడు.

అప్పటికే అందరూ కంచాల ముందు కూర్చున్నారు. వంటవాడు లబలబలాడాడు. “మేడమ్, ఈ పూటకి సర్దుకుంటారండీ,” అన్నాను నేను.

“సంతకం చేసే మనిషి వద్దన్నాక నేనెవర్నమ్మా?” అన్నారావిడ.

మేస్త్రి లుంగీ ఎగ్గట్టి వంటింటి దారి పట్టాడు. నేను పుస్తకం పుచ్చుకుని వెనకాలే పరిగెత్తాను. కందిపప్పు, ఎండుమిర్చి వేయించి, వెల్లుల్లి వేసి కందిపచ్చడి నూరించాడు. ఆ ఘాటుకి అందరం దగ్గాం. “మేస్త్రీ, తొందరగా కానీయ్!” అని వార్డులోంచి కేకలు, నవ్వులు. పెళ్లి పందిట్లో ఉన్నట్టే ఉంది.

ఉప్పు చూడాలిగా, వేడన్నంలో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“ఇంకాస్త పడాలి,” అన్నాడు. వేశారు. ఇంకో ముద్ద. “ఇప్పుడు కుదిరింది.” ఆ పైన ఇంకోటి, ఇంకోటి. నాకు సంతోషంతో ఏడుపు ముంచుకొచ్చింది. కళ్లు తుడుచుకుని, సంతకం కోసం పుస్తకం ముందుకు చాపాను.

“ఉండు సిస్టరమ్మా,” అన్నాడు నిండు నోటితో, “ఆకలేస్తోంది.”