రాని బంతుల లెక్క

నాకు పరుగు రాదు, కూడిక వచ్చు. అందుకే 1963 శీతాకాలంలో, బోధన్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, ఆటల టీచరమ్మ నాకు హాకీ కర్రకు బదులు నోటుబుక్కు ఇచ్చింది. గోలు కొట్టినవాళ్లను అందరూ గుర్తుపెట్టుకుంటారు కాబట్టి నేను గోలు కాచేవాళ్ల లెక్క రాశాను. మీదికి వచ్చిన బంతులెన్ని, ఆపినవెన్ని, లోపలికి పోయినవెన్ని అని మూడు గళ్లు.

గోలు కాచేవాళ్లు ఇద్దరు. ప్యాడ్లు మాత్రం ఒకే జత, చక్కెర గోనెసంచి కత్తిరించి దూది కూరి కుట్టినవి. ఒకామె చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా కూతురు. బంతి ఎటు వస్తే అటు దూకేది. మోచేతులు చెక్కుకుపోయేవి, చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. రెండో ఆమె నా పక్క బెంచీ స్నేహితురాలు. ఊరు వర్ని వైపు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలిన గొంతు ఆమెది. నిలబడిన చోటు నుంచి పెద్దగా కదిలేది కాదు, ఆట సాగినంతసేపూ అరిచేది.

"ఓ పొడుగుదానా, ఎడమకు జరుగు! నీ ఎన్క ఒకతి వస్తున్నది, సూడు!"

ఆ అరుపులు ఆడపిల్లలకు తగవని పెద్ద టీచరమ్మ విసుక్కునేది.

జిల్లా ఫైనల్ నిజామాబాద్‌లో. గోలులో ఎవరిని నిలబెట్టాలో తేలక ఆటల టీచరమ్మ నన్ను పిలిచింది.

"నీ బుక్కేమంటది?"

అవే మూడు జట్లతో ఇద్దరూ మూడేసి ఆటలు ఆడారు. గుమాస్తా కూతురి మీదికి ఇరవై ఒకటి వస్తే పంతొమ్మిది ఆపింది, నూటికి తొంభై. నా స్నేహితురాలి మీదికి ఐదు వస్తే నాలుగు ఆపింది, నూటికి ఎనభై. ఆ సంగతే చెప్పాను. ప్యాడ్లు గుమాస్తా కూతురికి వెళ్లాయి.

నా స్నేహితురాలు ఆ సాయంత్రం బడి గేటు దగ్గర నన్ను ఆపింది.

"నాలుగే ఆపిన్నని రాసినవంట?"

"ఆపినవే రాసిన."

"మిగిలినయి నేను రానిచ్చిన్నానే?"

"రాని బంతిని ఎట్ల రాయాలె?"

"రాకుండ జేసుడే గదనే పని! పిట్ట గింజ ముట్టినంక ఒర్రితే ఏం లాభం?"

బాధతో మాట్లాడుతోంది అనుకున్నాను.

ఫైనల్ రోజు ఆమె నా పక్కనే కూర్చుంది. మొదటి సగంలో గుమాస్తా కూతురు ఆరు బంతులు ఆపింది, ఒకటి పోయింది. నా పెన్సిలుకు తీరిక లేదు. రెండో సగంలో మావాళ్లలో వెనక ఆడేవాళ్లిద్దరూ ఒకే బంతికి పరుగెత్తారు. కుడివైపు మొత్తం ఖాళీ. గోలులో ఉన్నామె దూకడానికి వంగి ఉంది, నోరు మెదపలేదు. నా పక్కనున్నామె లేచి, "కుడికి! ఒకతి కుడికి—" అని కేకేసింది.

"ఒర్రకు! బయట కూసున్నోళ్లు చెప్పొద్దు," అంది టీచరమ్మ.

ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ బంతి లోపలికి పోయింది. కాసేపటికి అదే ఖాళీలోంచి మూడోది. ఓడిపోయాం.

పద్నాలుగు వచ్చాయి, పదకొండు ఆపింది. ఇంచుమించు నూటికి డెబ్బై తొమ్మిది. ఆ పిల్ల మోకాళ్ల మీద రక్తం చూసి ఎవరూ ఒక్క మాట అనలేదు. అనే హక్కు కూడా ఎవరికీ లేదు.

తిరుగు బస్సులో పాత పేజీలు తీశాను. జట్లు అవే, వెనక ఆడిన పిల్లలూ వాళ్లే. ఒకరుంటే ఐదు బంతులు, ఇంకొకరుంటే ఇరవై ఒకటి. ఆ తేడా పదహారు ఎక్కడికి పోయాయని నేను ఒక్కసారి కూడా అడగలేదు. కూడికలో తప్పు లేదు. గోలు కాయడమంటే ఏమిటో తెలియకుండా గళ్లు గీశాను. బస్సు దిగగానే టీచరమ్మకు ఈ మాట చెప్పాను. స్నేహితురాలికి చెప్పడానికి నాకు మరో నాలుగు రోజులు పట్టింది.

మరుసటి ఏడు టీచరమ్మ ఆమెను గోలులోకి రమ్మంది. ఆమె ప్యాడ్లు అందుకోకుండా నా వైపు తిరిగింది.

"నిలబడ్త. గని నువ్వు లెక్క రాయొద్దు."

"మరి నేనేం చెయ్యాలె?"

"ఆట సూడు."

ఆ ఏడు కప్పు మాకే వచ్చింది, ఫైనల్లో ఒకే ఒక్క గోలు తేడాతో. ఆమె ఎన్ని ఆపిందంటే మాత్రం రెండో మూడో, సరిగ్గా చెప్పలేను.