నాచు పొయ్యి మీద నూడుల్స్

మా పక్కింటి చైఫెన్‌ది ఉడుంపట్టు. వేసవిలో తైహు సరస్సు మీద తేలే పచ్చనాచుకి ఊరంతా ముక్కు మూసుకుంటే, ఈవిడ మాత్రం బకెట్లకి బకెట్లు తోడుకొచ్చి, వరిగడ్డి ముక్కలు కలిపి పెరట్లో గోతిలో పోసేది. అందులో పుట్టిన గ్యాస్ ఓ పెద్ద ప్లాస్టిక్ సంచిలో నిండి, గొట్టంలోంచి పొయ్యికి వెళ్లేది. తొమ్మిదేళ్లుగా ఆమె వంటంతా దానిమీదే. అత్తగారు లూ ముసలమ్మ మాత్రం ఆ వంట ముట్టలేదు. "చెరువు చీమిడితో ఉడికిన కూడు నాకొద్దు" అని తన గడ్డిపొయ్యి మీద విడిగా వండుకునేది.

అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజుకి, నిండా బతకాలని తెంపకుండా తినే ఆయుష్షు నూడుల్స్ తన పొయ్యి మీదే ఉడకాలని చైఫెన్ పంతం పట్టింది.

"సరే, నీళ్లు మరిగితే తింటాలే" అంది ముసలమ్మ.

అంత తేలిగ్గా ఒప్పుకుందంటే నాకప్పుడే అనుమానం రావాల్సింది. ఆ వారం ఇంట్లో గడ్డి మాయమైంది. గోతికి ఒట్టి నాచే గతి. ఒట్టి నాచుకి గ్యాస్ ఎక్కడ పుడుతుంది, నా మొహం!

తీరా చుట్టాలొచ్చేసరికి సంచి చప్పబడింది, మంట ఆవగింజంత ఉంది.

"బావగారూ, లేవండి! వెళ్లి సంచి మీద కూర్చోండి, బరువుకి గ్యాస్ తోసుకొస్తుంది" అంది చైఫెన్.

"నేనా? ఇంతమందిలోనా?" అన్నాడు ఆమె భర్తకి అన్నయ్య గన్‌షెంగ్. మనిషి నూటపది కిలోలు.

"ఇన్నేళ్లు తిన్నది ఇందుకే అనుకోండి!"

ఆయన కూర్చున్నాడు. మంట చిక్కుడుగింజంత అయింది. నేనూ ఎక్కాను, ఇరుగుపొరుగన్నాక తప్పుతుందా! చివరికి చుట్టాలంతా గిన్నెలు పట్టుకుని సంచి మీద బారుగా కూర్చున్నాం. అయినా నీళ్లు మరగలేదు.

చైఫెన్ కళ్లనీళ్లు పెట్టుకుంది. "తొమ్మిదేళ్లు వదినా! ఒక్కపూట నా చేతి వంట తింటే ఆవిడ సొమ్మేం పోయింది?" అంది నాతో.

గుమ్మంలో ముసలమ్మ ఆ మాట విన్నది. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"జరగండర్రా, దున్నపోతుల్లారా!"

మా మధ్యన ఇరుక్కుని కూర్చుంది. ఆవిడ బరువు ముప్పై ఎనిమిది కిలోలు. ఆ బరువుకో, ఆ నోటికి జడిసో తెలీదు గానీ, మంట భగ్గుమంది. నీళ్లు మరిగాయి.

సంచి దిగకుండానే నూడుల్స్ తెంపకుండా జుర్రింది ముసలమ్మ. "ఉప్పు తక్కువైంది" అంటూనే గిన్నె మళ్లీ చాపింది. చైఫెన్ వడ్డిస్తుంటే గొంతు తగ్గించింది.

"ఒసే, గడ్డి నా పరుపు కింద ఉంది, పట్టుకుపో. వారం నుంచీ వీపంతా గుచ్చుకుని చస్తున్నాను."