డాన్సు ఒక్కటే విడిగా ఇస్తారా?

మా వాడిని డాన్సు క్లాసులో చేర్పించిన రోజు కూడా నేను బేరమాడాను. గురువారాలు బడి అయ్యాక స్కూలు హాల్లో ఆరో తరగతి పిల్లలకి జంటగా ఆడే డాన్సులూ, నలుగురిలో మెలిగే పద్ధతులూ కలిపి నేర్పుతారు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి పేరెలా చెప్పాలి, చెయ్యి ఎంత గట్టిగా కలపాలి, అలాంటివి. "మర్యాదలు ఇంట్లో మేమే నేర్పుకుంటాం. డాన్సు ఒక్కటే విడిగా ఇస్తారా?" అని అడిగాను. తెల్లబూట్ల టీచరుగారు, డెబ్బై దాటిన మనిషి, నవ్వి, రెండూ కలిపే వస్తాయంది.

ఈ దేశానికి రాకముందు మాది చీరాల, మా నాన్నది బట్టల కొట్టు. సెలవు రోజుల్లో గల్లాపెట్టె పక్కనే నా చోటు. చెప్పిన ధరకు కొనేసే మనిషిని చూస్తే మా ఇంట్లో జాలిపడేవాళ్ళు. కొనే ఆవిడ వద్దని చీర పక్కకు తోసి లేవాలి, చెప్పులేసుకోవాలి, మెట్లు దిగాలి. ఆఖరి మెట్టు మీద కాలు పెట్టేలోపు నాన్న, "అమ్మా, ఇలా రండి, మీ మాటే కానివ్వండి" అని పిలిచేవాడు. పిలుస్తాడని ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని నాన్నకీ తెలుసు. చుట్టాలింట్లో కాఫీ దగ్గర్నుంచి రెండో గారె దాకా నేనూ ఆ పద్ధతిలోనే పెరిగాను. మొదట వద్దంటాను. బతిమాలితే తీసుకుంటాను.

ఆ క్లాసు మీద నా ఆశ నాకుంది. మా వాడు చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నా చిటికెనవేలు పట్టుకునేవాడు, దాటాక కూడా వదిలేవాడు కాదు. ఇప్పుడు షాపింగ్ సెంటర్లో నాకంటే నాలుగంగలు ముందు నడుస్తాడు, ఇద్దరం ఒకే ఇంటివాళ్ళమని ఎవరికీ తెలియకూడదన్నట్టు. పై ఏడు మిడిల్ స్కూలు. టర్ము చివర ఒక సాయంత్రం పిల్లలు తల్లిదండ్రులతో కూడా డాన్సు చేస్తారని విన్నప్పుడు, నాకది చాలనుకున్నాను. ఒక్క పాట సేపు వాడి చెయ్యి నా చేతిలో ఉంటుంది, అదీ వాడే అడిగి.

ఆ సాయంత్రం ఇక్కడ డార్విన్‌లో ఒకటే వాన. రేకుల కప్పు మీద చప్పుడుకి పాట సగమే వినపడుతోంది. మా ఆయనకి హాస్పిటల్లో డ్యూటీ. ఆయనతో పనిచేసే వరంగల్ అక్క నా పక్కన కూర్చుంది. వాళ్ళమ్మాయిదీ అదే క్లాసు. మా వాడు ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన తలతో తిన్నగా నా ముందుకొచ్చి, కొద్దిగా వంగి చెయ్యి చాపాడు.

"అమ్మా, మే ఐ హావ్ దిస్ డాన్స్?"

నా గుండె ఝల్లుమంది. నోరు మాత్రం దాని దారిన అది పోయింది. "అబ్బే, నాకెందుకురా ఈ వయసులో! వెళ్ళు, ఆంటీని అడుగు." అంటూనే కొంగు సర్దుకున్నాను, ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు తీసి కుర్చీ కింద పెట్టాను.

"ఓకే అమ్మా. మేబీ అనదర్ టైమ్." చక్కగా నవ్వి, పక్కకి జరిగి అక్క ముందు చెయ్యి చాపాడు.

"నడువు బిడ్డా!" అంటూ ఆవిడ చటుక్కున లేచింది.

పాట అయ్యాక ఆయాసపడుతూ వచ్చి కూలబడింది. "నువ్వెందుకు వద్దన్నవే?"

"మళ్ళీ అడుగుతాడనుకున్నానక్కా."

"మంచిగనే ఉంది! ఈడ రెండోసారి ఎవరడుగుతరు? వచ్చిన కొత్తల నేనూ గిట్లనే నో థాంక్స్ అనుకుంట ఎన్ని చాయ్‌లు పోగొట్టుకున్ననో! క్లాసుల వీళ్ళకు అదే నేర్పిండ్రట. వద్దంటే నవ్వాలె, పక్కకు పోవాలె, సతాయించొద్దు."

నేను విడిగా తీసేయమన్న సరుకు ఇదన్నమాట.

తర్వాత ప్రతి పాట మొదట్లోనూ వాడి చూపుకి అందేలా నిటారుగా కూర్చున్నాను, కొట్టు ముందునుంచి దాటిపోతున్న బేరాన్ని చూసే మా నాన్నలాగా. వాడు టీచరుగారితో ఆడాడు, క్లాసు పిల్లలతో ఆడాడు. కుర్చీ కింద నా పాదాలు వాటంతటవే కదులుతున్నాయి. వాడు నా భుజం దాకా వచ్చాడని ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నా, అక్కడ దూరం నుంచి చూస్తేనే తెలిసింది.

ఇక ఆఖరి పాట అన్నారు. లేచాను. హాలు మధ్యలో ఉన్న వాడి దగ్గరికి వెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కావలసింది కావాలనే అడిగాను. "నాతో డాన్సు చేస్తావా నాన్నా?"

వాడి మొహం ఎర్రబడింది. పక్కన అక్క కూతురు నిలబడి ఉంది. "సారీ అమ్మా. ఐ ప్రామిస్డ్ హర్."

నవ్వాలి కదా, నవ్వాను. పక్కకు పోవాలి కదా, తిరిగాను. వాడు ఆ పిల్లతో "వన్ మినిట్" అని నా పక్కకొచ్చి మోచెయ్యి వంచాడు. "ఐ హావ్ టు వాక్ యూ బ్యాక్." హాలు మధ్యలో ఎవరినీ ఒంటరిగా వదిలేయకూడదట, కుర్చీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టాలట. వాడి మోచేతిలో చెయ్యి పెట్టాను. చొక్కా చెమటకి తడిసి వెచ్చగా ఉంది.

"వేర్ ఆర్ యూ సిట్టింగ్?"

నా హ్యాండ్‌బ్యాగు ఎదురుగానే, అక్క పక్క కుర్చీ కింద కనిపిస్తోంది. నేను హాలు ఆ చివర, తలుపు పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ చూపించాను.

"దట్స్ సో ఫార్, అమ్మా!"

"అక్కడైతే గాలొస్తుంది నాన్నా."

వాడు నా నడకకి తగ్గట్టు అంగలు చిన్నవి చేశాడు. అదీ క్లాసులోనే నేర్పారేమో. నేను ఇంకొంచెం నెమ్మదిగా నడిచాను.