అత్త మాట కోసం తీసిన సినిమా

సినిమా పిచ్చి చాలామందికి ఉంటుంది. నాది కొంచెం వేరే రకం. తమిళనాడులో వేప్పనపల్లి దగ్గర మా మేనత్త మాట్లాడే తెలుగు ఒక్కసారి తెర మీద వినిపించాలి, అంతే. చిన్నప్పుడు కృష్ణగిరి టాకీసులో చూసిన తెలుగు సినిమాల్లో మాలాగా మాట్లాడేవాళ్లే ఉండరు. ఎప్పుడైనా ఒకడు కనబడితే వాడు హాస్యగాడు. హాలంతా నవ్వేది, మావాళ్లు కూడా నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసుకుంటూ కథ రాసుకున్నాను. మామిడి తోపులో ఒంటరిగా ఉండే ముసలామె కథ. తోపు అమ్మేయమని అందరూ వెంటపడతారు, ఆమె అమ్మదు. ఆ వేషం మా అత్తే వేయాలి. మామ పోయాక ఆమె ఉండేదీ అలాగే. అడిగితే సిగ్గుపడి, సరేనంది.

హైదరాబాదులో నిర్మాతల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. కథ విన్నవాళ్లు బాగుందన్నారు, కాఫీ ఇప్పించారు. "ఈ భాష మాత్రం మార్చండి, ఎవరికీ అర్థం కాదు" అన్నారు. చెన్నైలో ఒకాయన "మీది తమిళనాడే కదా, తమిళంలో తీసేయండి" అని తేల్చేశాడు. నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బస్సులో కిటికీ అద్దం మీద చూపించాను.

తిరిగొచ్చిన ప్రతిసారీ అత్త సంగటి పెట్టి అడిగేది.

"ఏమన్నారప్పా వాళ్లు?"

"మన మాట వాళ్లకు అర్థం కాదంట అత్తా."

ఆమె ఇంకో ముద్ద వేసేది.

ఏటా పూత వచ్చేది, కాయలు దిగేవి, లారీలెక్కి గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేవి. నా సినిమా మాత్రం ఉన్నచోటే ఉండేది. నాతో కూర్చుని కథ రాసిన స్నేహితుడు బెంగళూరు వెళ్లిపోయాడు, మెల్లగా ఫోన్లూ ఆగిపోయాయి. ఆదివారాలు హోసూరు గదిలో ఒక్కణ్ణే కూర్చుని ముసలామె మాటలు పైకి చదువుకునేవాణ్ణి. పక్క గదివాళ్లు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నానని అనుకునేవారు. మాట్లాడటానికి నాకెవరూ లేరు.

చివరికి హోసూరు దగ్గర తళిలో గులాబీలు పెంచే ఒకాయన, సినిమా అంటే ప్రాణమిచ్చే మనిషి, "డబ్బుకు నేనున్నాను, తియ్యప్పా" అన్నాడు. భాష ఊసే ఎత్తలేదు. ఆ రోజు తళి బస్టాండులో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

పూత నిండుగా ఉన్న ఒక ఉదయం తోపులో కెమెరా పెట్టాం. "ఈ చెట్లను ఇడిసిపెట్టి యాడికి పోదునప్పా?" అన్నది మొదటి మాట. ఎప్పుడో అత్త నోట విన్నదే, అలాగే రాసుకున్నాను. కెమెరా తిరిగింది. అత్త తలెత్తి, "ఈ చెట్లను విడిచిపెట్టి నేనెక్కడికి వెళ్లగలనండీ?" అంది. అచ్చం టీవీ సీరియల్లో జమీందారు భార్య గొంతు. ఒక్క అక్షరం తడబడలేదు.

"అత్తా, ఇంట్లో మాట్లాడేట్టు చెప్పు" అన్నాను.

"ఊరుకో అప్పా. నువ్వు వచ్చి పోయినప్పుడంతా సీరియళ్లు చూసి నేర్చుకొన్నాను. మన మాట వల్లనే గదా నీ సినిమా నిల్చిపోయింది? మళ్లా నావల్ల నిల్చిపోకూడదు."

అయినా మళ్లీ తీశాం, మళ్లీ తీశాం. కెమెరా తిరిగితే అదే గొంతు. ఆపగానే "గొంతెండిపోయె, రవంత నీళ్లియ్యప్పా" అని మా అత్త తిరిగొచ్చేది. చెప్పకుండా రికార్డు చేసేద్దామని సౌండు చూసేవాడు గుసగుసలాడాడు. అంత కష్టపడి నేర్చుకున్న మనిషిని మోసం చేయడానికి నాకు మనసొప్పలేదు. సినిమా అలాగే పూర్తి చేశాను.

హోసూరులో ఒక కల్యాణ మంటపంలో తెర కట్టి వేశాం. ఊరివాళ్లు బస్సుల్లో వచ్చారు. అత్త నోరు విప్పినప్పుడల్లా చప్పట్లు. "ఎంత చక్కంగా మాట్లాడిందమ్మా!" అని వెనక వరసలో ఆడవాళ్లు మురిసిపోయారు. అందరూ సంతోషంగా ఉన్నారు. అంతమంది మధ్య నాకు ఆ హోసూరు గదిలో కూర్చున్నట్టే ఉంది.

పక్కన అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు వాళ్లకు అర్థమవుతుంది గదప్పా?"

"అవుతుందత్తా" అన్నాను.