చేలోంచి వచ్చిన జవాబు

నిన్న పొదిలి బస్టాండులో పిల్లల ఇంగ్లీషు చార్టు అమ్ముతుంటే చూశాను. క్యాట్, ర్యాట్, మ్యాట్. గుర్తుందా రా, మూడో తరగతిలో సుద్దముక్క పట్టుకుని మన చేత ఇవి చదివించింది మనతో చదివిన మస్తాన్‌బీ. అర్థాలన్నీ అందరికంటే ముందు నేర్చింది తనే. మిరప కోతలు రాగానే వాళ్లమ్మ బడికొచ్చింది.

"ఇంగిలీసు ముక్కలు వచ్చేశాయిగా సారూ, ఇంక చాల్లెండి. చేలోకి మనుషులు దొరకట్లేదు."

సారు నవ్వి తలూపాడు. సుద్దముక్క నాకిచ్చాడు. నేను మురిసిపోయాను.

మర్నాడు "మ్యాట్ అంటే?" అని నేను మిమ్మల్ని అడిగాను. బడి పక్క మిరపచేలోంచి మస్తాన్‌బీ కేకేసింది. "చాప!"

"ఒరేయ్, ఆ కిటికీ ముయ్యరా" అన్నాడు సారు.

చదువు అందరి హక్కని ఇప్పుడు ఊరూరా కరపత్రాలు పంచుతున్నాను. ఆ కిటికీ మూసింది మాత్రం నేనే.