ఉప్పు కడిగిన కోడలు

గా దినాలల్ల ఉప్పు గిప్పటి లెక్క పాకిట్లల్ల రాకపోతుండె. దుకాణపాయన గోనె సంచి మూతి ఇప్పి పోస్తె, అండ్ల ఉప్పెంతనో మన్ను గంత. (నేను చెప్తుంటె మా మనుమరాలు రాస్తున్నది. నాకు సంతకం మించి రాదు. తప్పులుంటె దానియి, తిట్లుంటె నాయి.)

మాది బోథ్ దిక్కు, ఎవుసం చేసుకునే ఇల్లు. నన్ను బొగ్గుబాయిల పనిచేసేటాయనకు ఇచ్చిండ్రు. కంపెనీ క్వార్టర్ల కాలుపెట్టి ఎనిమిది దినాలు, ఆయనతోని ఎనిమిది మాటలు గూడ మాట్లాడలే. ఆ పొద్దు మా అత్త మామిడికాయలు కొట్టిచ్చి, రెండు శేర్ల ఉప్పు నా ముందట పెట్టి, "పోరీ, తొక్కుకు ఉప్పు. అండ్ల మన్నున్నది, జర మంచిగ చెయ్యి. నా బిడ్డకు రాని పనిలేదని మీ అవ్వ మస్తు చెప్పింది, సూస్త" అని లక్సెట్టిపేట బస్సెక్కింది. మన్నుంటె ఏం చెయ్యాలె? మా అవ్వ నేర్పింది ఒక్కటే, నీళ్లు పోసి గాలియ్యాలె. బియ్యం గట్లనే గాలిస్తుంటిమి, రాళ్లు అడుగుకు పోతుండె. గంజు నిండ నీళ్లు పోసి, కొత్త గాజులు గలగలమంటుంటె తిప్పి తిప్పి గాలిచ్చిన. సూస్తె మన్ను మిగిలింది. ఉప్పు లే!

ఏడాది తొక్కు పోయింది, మా అవ్వ ఇజ్జత్ పోయింది, రేపు నన్ను ఇంటికి తోలుతరని గంజు ముందట కూసోని శోకం పెట్టిన. అప్పుడే ఆయన మొదటి షిఫ్టు దిగి వచ్చిండు. మొకమంత బొగ్గు, కండ్లు పండ్లే కనవడుతున్నయ్.

"ఏందే, ఎవలన్న పోయిండ్రా?"

"ఉప్పు పోయింది."

సంగతి ఇని ఎంత నవ్విండంటె పక్క క్వార్టరోళ్లు తలుపు తీసి సూసిండ్రు. "నీళ్లు పారబోసినవా?"

"లే."

"బతికినం తియ్యి. అది ఏడికి పోలేదే పిచ్చిదానా, నీళ్లల్ల దాసుకున్నది. ఏడో తరగతి దాక సదివిన, నాకెరుక."

మన్ను అడుగుకు దిగేదాక ఆగినం. మీది నీళ్లను ఆయన పెండ్లి పంచె నాలుగు మడతలు పెట్టి వడగట్టిండు (ఆ పంచె మళ్ల కట్టే తీరుగ లేకపోయె). బొగ్గుల పొయ్యి మీద పెట్టి, పొద్దుమూకే దాక ఇద్దరం ముచ్చట్లు పెట్టుకుంట కలియవెట్టినం. ఎనిమిది దినాల మాటలు గా పొయ్యి కాడనే ఒడిసినయ్. నీళ్లు ఇగిరి, అడుగుకు మల్లెపూల లెక్క ఉప్పు మిగిలింది. మా అత్త వచ్చి, "గింత తెల్లటి ఉప్పు ఏడిదే?" అంటె ఆయన, "నీ కోడలు కడిగిందే అవ్వా" అన్నడు. ఆమె నమ్మి కాలనీ అంత చాటింపు ఏసింది. తెల్లారి ముగ్గురాడోళ్లు ఉప్పు పట్టుకొని వచ్చిండ్రు, "జర మాకు గూడ కడిగియ్యే!" అని.

గిప్పుడు మనుమరాలి పుస్తకంల గదే పాఠం ఉన్నది. తేర్చుడు, వడబోసుడు, ఇగుర్చుడు అని సదువుతది. నానమ్మ పెండ్లినే పాఠం చేసిండ్రని నవ్వుకుంట.

ఆయన పోయి మూడేండ్లు. బాయిల ఆఖరి షిఫ్టు దిగొచ్చిన అంగి నా పెట్టెల ఉన్నది. చెమట ఎండి వీపు మీద తెల్లగ ఉప్పు చారలు. మొన్న మనుమరాలు ఆ అంగి సూసి, "నానమ్మా, ఉతికి పెట్టనా?" అన్నది.

"వద్దు బిడ్డా. ఉప్పును ఒకసారి కడిగి సూసిన. అప్పుడంటె మళ్ల తీసిచ్చేటాయన ఉండె."