పదకొండవ నియమం

2011వ సంవత్సరం జూన్ నెల పదమూడవ తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామునుండి పట్టిన ముసురు అప్పుడే వెలిసినది గాని, ఎండ ఇంకా ముఖం చూపలేదు. రెండవ అంతస్తులోని ఆడిటరుగారి కార్యాలయం గుమ్మం ముందు ఒక అమ్మాయి తడిసిన గొడుగును ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నది. తాళం తీయడానికి వచ్చిన సీనియరు సహాయకురాలు ఆమెను ఎగాదిగా చూసింది.

“కొత్తగా చేరేది నువ్వేనా? గొడుగు బయటే పెట్టు. కాగితాలు తడిస్తే మా సారు మనిషిని కూడా బయటే పెడతారు.”

అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు సీనియరుకు నచ్చింది. నచ్చకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తరువాతి కాలంలో ఆమె ఎన్నిసార్లు అనుకొన్నదో లెక్కలేదు.

ఆమెకు అప్పటికి ముప్పదినాలుగేళ్లు. పదకొండేళ్లుగా ఆ కార్యాలయంలోనే పని. కంపెనీల పద్దులు తనిఖీ చేయడంలో ఆమెకు తెలియని కిటుకు లేదు. అయితే అకౌంటెంట్ల తుది పరీక్ష గట్టెక్కనివారు పని ఎంతైనా చేయవచ్చును గాని సంతకం చేయరాదు. ఆమె రాత్రింబవళ్లు శ్రమించి సిద్ధం చేసిన నివేదికల కింద ఎవరో ఒకరు వచ్చి ఒక గీత గీసి పోయేవారు. ఆ గీత కోసమే ఆమె అప్పటికి రెండుసార్లు పరీక్షకు కూర్చున్నది, రెండుసార్లూ తప్పింది.

ఆ కార్యాలయంలో ఒక పద్ధతి ఉన్నది. సరిచూసిన ప్రతి అంకె పక్కనా సహాయకుడు ఒక టిక్కు పెట్టాలి. ఎవరి టిక్కు వారిది. ఒకరి టిక్కు మరొకరు పెట్టరాదు. ఎవరి టిక్కు ఎట్లుండునో రిజిస్టరులో నమూనాతో సహా రాసి ఉంచుతారు. రేపు ఏ అంకెలో తప్పు దొరికినా, దానిని చూసినవాడెవడో టిక్కే చెబుతుంది. సీనియరుది కింద చుక్క ఉన్న టిక్కు. కొత్త అమ్మాయికి రెండు తోకల టిక్కును ఆమెయే కేటాయించి, మూడు నెలలపాటు వెంటబడి నేర్పింది. టిక్కు లేని అంకె కనబడితే చాలు, కాగితం మొత్తం తిప్పి కొట్టేది. “అంకెను చూశానని నువ్వు చెబితే ఎవరు నమ్ముతారే? నీ టిక్కు చెప్పాలి.” కార్యాలయంలో అందరూ ఆమెను టిక్కులక్క అని పిలిచేది ఊరకే కాదు.

పిల్ల చురుకైనది, ఒద్దికైనది. టిక్కులక్కకు పెళ్లికాని మరిది ఒకడు ఉన్నాడు. రెండేళ్లు తిరగకుండానే ఆమె స్వయంగా పూనుకొని సంబంధం కుదిర్చి, ఆ పిల్లను తన ఇంటికే తోటికోడలుగా తెచ్చుకొన్నది. అప్పగింతలయ్యేసరికి అత్తగారు, “నా పెద్దకోడలు బంగారాన్ని వెతికి తెచ్చింది” అని పదిమందిలో అన్నది. పెద్దకోడలు పొంగిపోయింది. బంగారమే. అయితే బంగారం పక్కన పెట్టినప్పుడే కదా ఇత్తడి రంగు బయటపడేది.

2015వ సంవత్సరం వేసవిలో ఆడిటరుగారి భాగస్వామి పని విరమించి వెళ్లిపోయారు. ఆయన కూర్చున్న పక్కగది ఖాళీ అయినది. ఆడిటరుగారు ఇద్దరినీ పిలిచారు.

“నవంబరులో ఇద్దరూ పరీక్షకు కూర్చుంటున్నారు. ముందు ఎవరు గట్టెక్కితే ఆ గది వారిది. ఇద్దరూ గట్టెక్కితే చీట్లు వేద్దాం. రెండు కుర్చీలు పట్టే గది కాదమ్మా అది.”

చిన్నకోడలు నవ్వి, “అక్కదే సార్ ఆ గది. నాది మొదటిసారి, ఊరికే చూసి వద్దామని” అన్నది. ఆ మాట మర్యాదకే అన్నది. కాని “మొదటిసారి” అన్న పదం పెద్దకోడలికి ముల్లులా గుచ్చుకొన్నది. తనకది ఏడవసారి.

నాటినుండి ఇంట్లో భోజనాల బల్ల చదువుల బల్ల అయినది. ఉదయం అయిదింటినుండి ఏడింటివరకు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. పెద్దకోడలు ఒక పేజీ మూడుసార్లు చదివేది. చిన్నది ఒకసారి చదివి, కళ్లు మూసుకొని పెదవులు కదిపి, పేజీ తిప్పేది. ఆ పేజీ తిరిగిన చప్పుడు పెద్దకోడలికి చెంపదెబ్బలా వినిపించేది. చిన్నది కాలిక్యులేటరు వంక చూడకుండానే మీటలు నొక్కేది. పుస్తకం మూసిన రెండు నిమిషాలకే నిద్రపోయేది. దేవుడు ఒక్కరికే ఇన్ని ఎందుకిచ్చాడో అర్థం కాక పెద్దది పైకప్పు వంక చూస్తూ పడుకొనేది.

ఒకనాడు చిన్నది తల పైకెత్తి, “అక్కా, ఈ రెండు కంపెనీలు కలిసిపోయే లెక్కలో గుడ్‌విల్ పద్దు ఎక్కడికి పోయింది?” అని అడిగింది.

“నువ్వే మింగేశావేమో చూసుకో.”

“మింగితే అరగాలి కదా, గొంతులోనే ఉంది. చెప్పవూ.”

పెద్దకోడలు పావుగంట చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో తానే దారి తప్పింది. చిన్నది కాగితం తన వైపు తిప్పుకొని, “ఆఁ, అర్థమైంది. అంటే దీన్ని ముందే విడదీయాలన్నమాట” అని అక్క చెప్పనిది కూడా కలిపి లెక్క తేల్చింది. పైగా, “నువ్వు చెబితే భలే అర్థమవుతుందక్కా” అన్నది. వెక్కిరింతే అయితే బదులు చెప్పవచ్చును. అది వెక్కిరింత కాకపోవడమే పెద్దకోడలి బాధ.

వంటింటినుండి అత్తగారు, “చిన్నది చదువుతుంటే గోడలకు కూడా పాఠం వచ్చేలా ఉంది” అన్నది. మరిది భార్యకు కాఫీ పట్టుకొని వచ్చి, వదినకు కూడా ఒక గ్లాసు పెట్టాడు. ఆ రెండవ గ్లాసు మొదట అతడు తనకోసం కలుపుకొన్నదని పెద్దకోడలికి తెలుసు. తన భర్త మంచివాడే. కాని గత ఆరు పరీక్షలూ ఆయనను అలసిపోయేటట్లు చేశాయి. “ఈసారైనా అవుతుందంటావా?” అని మాత్రం అడిగి పేపరులో తల దూర్చేవాడు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినదన్న సామెత ఉన్నది. తోటికోడలు నవ్వకపోయినా, పైగా ప్రేమగా చూసినా ఏడుపు వస్తుందని ఆ సామెత చెప్పినవారికి తెలిసినట్లు లేదు.

పరీక్షకు ముందటి ఆదివారంనాడు ఇద్దరూ గడియారం పెట్టుకొని నమూనా ప్రశ్నపత్రం రాశారు. మూడు గంటలైన తరువాత కాగితాలు మార్చుకొన్నారు. చిన్నదాని మొదటి పేజీ తిప్పేసరికి పెద్దకోడలి చేయి ఆగిపోయింది. ప్రతి మొత్తం పక్కనా, ప్రతి ఉపమొత్తం పక్కనా రెండు తోకల టిక్కు. వరుసలు వరుసలుగా, పొందికగా.

ఆ టిక్కుల ఖరీదు ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. 2010లో రెండవసారి పరీక్ష రాసినప్పుడు ఆమె కూడా అట్లే అలవాటుకొద్దీ తన చుక్కటిక్కును జవాబుపత్రం నిండా పెట్టింది. అభ్యర్థి ఎవరో తెలిపే గుర్తులు పెట్టినదని పరీక్షా మండలివారు ఆ విడత పరీక్షంతా రద్దుచేసి హెచ్చరిక పంపారు. ఉత్తరం కార్యాలయపు చిరునామాకు వచ్చింది గనుక ఇంట్లో ఎవరికీ తెలియలేదు. “తప్పాను” అని ఒక్కమాట చెప్పి, తేలుకుట్టిన దొంగవలె ఊరుకొన్నది. అంతటి అనుభవజ్ఞురాలు ఇంతటి తెలివితక్కువ పని చేసినదని నలుగురూ నవ్వడంకంటె, చదువు రాక తప్పినదనుకోవడమే ఆమెకు మేలనిపించింది.

ఇంతలో చిన్నది హాల్ టికెట్టు వెనక ఉన్న సన్నని అక్షరాలను వేలితో చూపుతూ, “అక్కా, ఈ పదకొండో నియమం చూశావా? ‘జవాబులు తప్ప వేరే ఏ గుర్తులూ ఉండరాదు’ అని ఉంది. గుర్తులంటే ఏమిటి?” అని అడిగింది.

పెద్దకోడలు కాగితాలు సర్దింది. అంచులు సమంగా వచ్చేవరకు బల్లమీద రెండుమార్లు తట్టింది.

“కొందరు పాస్ చెయ్యమని దండాలు రాస్తారు, ఫోన్ నంబర్లు రాస్తారు. దాని గురించే.”

“అంతేనా? నేనింకా ఏమో అనుకున్నాను. బతికించావు.”

నవంబరు రెండవ తేదీ, సోమవారం, మొదటి పరీక్ష. బయలుదేరేముందు పెద్దకోడలు కుడిచేతి చూపుడువేలికి మందుపట్టీ దళసరిగా చుట్టుకొన్నది. 2010 తరువాత ప్రతి పరీక్షకూ ఆమె అట్లే చేస్తున్నది. వేలికి ఆ బరువు ఉంటే టిక్కు పెట్టబోయినప్పుడు జ్ఞాపకం వస్తుంది.

“వేలికేమైందక్కా? పరీక్షరోజే ఇలా అయిందేమిటి?” అని చిన్నది కంగారుపడింది.

“కూరగాయలు తరుగుతుంటే కత్తి తగిలింది. నడువు, ఆలస్యమవుతుంది.”

పరీక్ష ఒక పాఠశాలలో. బెంచీలు చిన్నపిల్లల కొలతవి. పెద్దల మోకాళ్లు పట్టడం లేదు. పెద్దకోడలికి రెండు వరుసలు ముందుగా, కొంచెం ఎడమవైపున చిన్నదాని చోటు. పంకా గాలికి ఆమె జడకొస కదలడం, ఒక మొత్తం తేలగానే కుడిచేయి చురుకుగా పైకి తిరిగి దిగడం స్పష్టంగా కనబడుచున్నది. చూడవద్దనుకొంటూనే పెద్దది చూసింది. ఆ చేయి తిరిగినప్పుడెల్లా ఆమె లోలోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. పర్యవేక్షకుడు ఇద్దరి మధ్యగా రెండుసార్లు నడిచి వెళ్లాడు, ఆయనకేమీ పట్టలేదు. తరువాత ఆమె తల వంచి, పంటికింద పెదవి నొక్కి తన లెక్కలు తాను చేసుకొన్నది. ఆనాడు చేయి ఎక్కడా తడబడలేదు.

తిరిగి వస్తూ చిన్నది, “టిక్కు పెట్టందే చెయ్యి ఊరుకోవడం లేదక్కా. అంతా నీ చలవే. టిక్కు పెడుతుంటేనే ఒక తప్పు దొరికింది తెలుసా, అయిదు మార్కులు మిగిలాయి” అన్నది.

ఇంకా మూడు పరీక్షలున్నాయి. అప్పుడైనా చెప్పవచ్చును. మొదటిది ఎట్లాగూ పోయినది, ఇప్పుడు చెబితే మిగిలినవి కూడా భయంతో పాడుచేసుకొంటుందని పెద్దకోడలు తనకు తాను నచ్చజెప్పుకొన్నది. ఆ వాదన ఆమెకే నచ్చలేదు. అయినా దానినే పట్టుకొని మిగిలిన మూడు పరీక్షలూ ముగించింది.

జనవరిలో ఫలితాలు వచ్చాయి. కావలసినదానికంటె మూడు మార్కులు ఎక్కువతో పెద్దకోడలు ఉత్తీర్ణురాలైనది. చిన్నకోడలి నంబరు ఎదుట “నిలుపుదల” అని ఉన్నది.

“కంప్యూటరు పొరపాటై ఉంటుంది” అన్నాడు మరిది.

అత్తగారు పెద్దకోడలి బుగ్గలు నిమిరి, వెంటనే చిన్నకోడలి వైపు తిరిగి, “దీనికేమైందే పాపం, పిల్ల అంత కష్టపడింది” అన్నది. ఏడవసారికి నెగ్గిన తన ఆనందం అరనిమిషమైనా నిలవలేదని పెద్దకోడలికి అక్కసు పుట్టింది. గట్టెక్కినదాన్ని నేను, ఓదార్పు దానికా అనుకొన్నది. అనుకొన్న మరుక్షణమే తన అక్కసును చూసి తానే భయపడింది.

ఫిబ్రవరి నెలలో ఆమె పక్కగదిలోకి మారింది. మూడవ వారంలో చిన్నకోడలు తలుపు తట్టి లోపలికి వచ్చి, పరీక్షా మండలి పంపిన ఉత్తరాన్ని బల్లమీద పెట్టింది. జవాబుపత్రాలన్నింటిలోను ఒకే రకం గుర్తులున్నవనీ, సంజాయిషీని కార్యాలయంలోని అర్హుడైన అకౌంటెంటు సంతకంతో పంపవలెననీ అందులో ఉన్నది. ఆడిటరుగారు, “మీ అక్కగారే పెడతారు, ఇప్పుడు ఆమెకు అధికారం ఉందిగా” అని ఆమెను ఇటు పంపారు.

కింద ఇంకొక వాక్యం ఉన్నది: “ఇదే కార్యాలయమునకు చెందిన అభ్యర్థినికి 2010వ సంవత్సరములో ఇట్టి గుర్తుల విషయమై హెచ్చరిక పంపియున్నాము.”

చిన్నకోడలు ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

“2010లో ఈ ఆఫీసు నుంచి పరీక్షకు కూర్చున్న ఆడవాళ్లు ఎంతమంది?”

“నేనొక్కదాన్నే.”

“ఆ ఆదివారం నేను అడిగాను.”

“అడిగావు.”

“వేలికి కత్తి తగల్లేదు.”

“లేదు.”

బయట హాలులో ప్రింటరు కాగితాలు కక్కుతున్నది. చిన్నకోడలు ఆ వాక్యం మీదనుండి వేలు తీసింది.

“నాకు ఈ గది అక్కర్లేదని మొదటిరోజే చెప్పాను కదా. మీరు నమ్మలేదా?”

అయిదేళ్లుగా ‘నువ్వు’ అన్న నోరు అది. పెద్దకోడలు కళ్లు దించుకొన్నది.

“నమ్మాను. నీకు అక్కర్లేకుండానే వస్తుందని కూడా నమ్మాను. అదే నావల్ల కాలేదు.”

చిన్నది తాను రాసి తెచ్చిన సంజాయిషీని ఆమె ముందుకు జరిపింది. “సంతకం పెట్టండి. స్టాంపు కూడా వెయ్యాలట” అన్నది.

పెద్దకోడలు సంజాయిషీ చదివింది. అది తమ కార్యాలయపు తనిఖీ పద్ధతి అని, వేరొక ఉద్దేశం లేదని చిన్నది నాలుగు వాక్యాలలో రాసింది. దానికింద పెద్దకోడలు తన చేతితో, “పై విషయము సత్యము. ఈ అలవాటును ఈమెకు నేర్పినది నేనే” అని చేర్చింది. నియమం తెలిసియుండి, అడిగినప్పుడు చెప్పలేదని కూడా రాయవలెనని కలం కాగితంపై ఆనించింది. ఆనినచోట సిరా చిన్న మచ్చగా దిగింది గాని అక్షరం రాలేదు. ఆమె సంతకం చేసి, స్టాంపు వేసి, కాగితం ఇచ్చివేసింది. పదహారేళ్లు కోరుకొన్న అధికారంతో ఆమె చేసిన తొలి సంతకాలలో అది ఒకటి.

పరీక్షా మండలివారు సంజాయిషీని అంగీకరించి, దురుద్దేశం లేదని తేల్చారు. నవంబరు పరీక్షను మాత్రం రద్దుచేశారు. చిన్నకోడలు 2016 నవంబరులో తిరిగి కూర్చొని ఉత్తీర్ణురాలైనది. ఎన్ని మార్కులని ఇంట్లో అందరికంటె ముందు అడిగినది పెద్దకోడలే. తనకంటె డెబ్బదిరెండు ఎక్కువ. ఆ పూట ఆమె తలనొప్పి అని చెప్పి భోజనానికి లేవలేదు.

2017 మార్చిలో చిన్నకోడలు వేరొక కార్యాలయంలో చేరింది. ఆ సంవత్సరమే ఆమె, భర్త రెండు వీధుల అవతల అద్దె ఇంటికి మారారు. కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తగారు నెలలో సగం రోజులు అక్కడ, సగం రోజులు ఇక్కడ ఉండేది. 2021లో కాలం చేసింది. పెద్దకోడలు అదే గదిలో పనిచేస్తున్నది. ఆమెకు ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు.